పురుడు పోయడానికి బయలుదేరి కాగితంతో తిరిగొచ్చారు

భీమవరం (మా గ్రామీణ విలేఖరి): ఉండి వైపు ఒక గ్రామంలో నాలుగెకరాల రైతు ఇంట్లో నిరుడు సంక్రాంతికి అరిసెలు వండారు, సున్నిపిండి ఆడించారు, బాలింతకు పెట్టే కాయం చేయించి డబ్బాలో పోసి మూత బిగించారు. అమెరికాలో డల్లాస్ నగరంలో ఉన్న ఒక్కగానొక్క కూతురికి మార్చి నెలలో తొలి కాన్పు. పుట్టింటికి రాలేని పిల్ల దగ్గరకు పుట్టిల్లే వెళ్లాలని నిర్ణయమయింది. చుట్టాలు వచ్చి జాగ్రత్తలు చెప్పి వెళ్లారు. పండుగ వెళ్లిన వారంలో దంపతులిద్దరూ వీసా ఇంటర్వ్యూకు హైదరాబాదు వెళ్లారు. మూడో నాటి ఉదయం ఊళ్లో బస్సు దిగేటప్పటికి చేతిలో పాస్‌పోర్టులున్నాయి గాని వీసాలు లేవు. వాటితోపాటు ఒక కాగితం ఉంది. దాని మీద 214(బి) అనే అంకె ఉంది.

పేర్లు రాయనని మాట ఇచ్చిన మీదట ఆ దంపతులు ఈ విలేఖరికి జరిగినదంతా చెప్పారు. "ఇవ్వకపోతే పోయింది బాబూ, ఊళ్లో మొహం చూపించలేకపోయాం. ఏం తప్పు చేశారండీ అని అడిగిన వాళ్లున్నారు" అని ఆ ఇల్లాలు వాపోయారు. ఆమె వారం రోజులు పాలకేంద్రానికి కూడా వెళ్లలేదు. పాలు మరిది కొడుకు చేత పంపించారు.

ఇలాంటి ఇళ్లు మన జిల్లాలో ఇదొక్కటే కాదు. గ్రామానికి పది ఇళ్లలోనైనా పిల్లలు అమెరికాలో ఉన్న ఊళ్లు డెల్టాలో చాలా ఉన్నాయి. కాన్పుకో, గృహప్రవేశానికో, పట్టా పుచ్చుకునే రోజుకో తల్లిదండ్రులు బయలుదేరడం, కొందరు వెనక్కి రావడం మామూలయింది. వెనక్కి వచ్చిన వారి చుట్టూ పుకార్లు అల్లుకుంటాయి. ఒకసారి కాదంటే పదేళ్ల దాకా ఇవ్వరట అని ఒకరు, పాస్‌పోర్టు మీద ముద్ర పడితే ఏ దేశమూ రానివ్వదట అని ఒకరు, చెన్నై వెళ్లి పెడితే పాత సంగతి తెలియదట అని ఇంకొకరు చెబుతారు. ఈ మూడూ నిజం కావు.

214(బి) అంటే ఏమిటి?

అది అమెరికా వారు 1952లో చేసుకున్న వలస చట్టంలోని ఒక సెక్షను. దాని సారాంశం ఇది. సందర్శకుడిగా వస్తానని వీసా అడిగే ప్రతి మనిషినీ, అక్కడే ఉండిపోవడానికి వస్తున్నవాడి కిందే ముందుగా లెక్క కడతారు. కాదు, తిరిగి వచ్చేస్తాను అని అధికారికి నమ్మకం కలిగించే భారం అడిగేవాడిదే. మన కోర్టుల్లో నేరం రుజువయ్యేదాకా ముద్దాయిని నిర్దోషిగా చూస్తారు. ఈ కిటికీ దగ్గర లెక్క తలకిందులుగా ఉంటుంది. నమ్మకం కుదరకపోతే ఇచ్చే కాగితమే 214(బి). నేరం చేశారని గాని, అబద్ధం చెప్పారని గాని, ఇక రావద్దని గాని దాని అర్థం కాదు. ఆ రోజు, ఆ రెండు నిమిషాల్లో నమ్మకం కుదరలేదని మాత్రమే.

దీని మీద అప్పీలు లేదు. ఎవరి సిఫారసూ పని చేయదు. కాని మళ్లీ దరఖాస్తు పెట్టుకోవడానికి అడ్డు కూడా లేదు. ఇన్ని నెలలు ఆగాలని చట్టం చెప్పదు. కొత్త ఫారం, కొత్త రుసుము, కొత్త ఇంటర్వ్యూ కావాలి. అంతే. సందర్శక వీసా రుసుము 2023 జూన్ నుంచి మనిషికి 185 డాలర్లు. మన డబ్బులో 16 వేల రూపాయల పైచిలుకు. ఇద్దరికీ కలిపితే ఒక పాడిగేదెకు బయానా. వీసా ఇవ్వకపోతే ఆ సొమ్ము తిరిగి రాదు.

కాగితం మీద 221(జి) అని ఉంటే కథ వేరు. అది పూర్తి తిరస్కారం కాదు. ఏదో పత్రం కావాలనో, ఇంకా విచారించాలనో ఆపారని అర్థం. వారు అడిగింది పంపి ఎదురు చూడాలి. ఈ రెంటికీ తేడా తెలియక, పత్రం పంపితే సరిపోయేదానికి మళ్లీ డబ్బు కట్టినవారున్నారు. ఇంటికి రాగానే ముందు చూడవలసింది కాగితం మీది అంకె.

రెండు నిమిషాల మాట

ఆ రోజు కిటికీ దగ్గర ఏం జరిగిందో రైతు ఒక్కొక్క మాటే గుర్తు చేసుకుని చెప్పారు. తెలుగులోనే అడిగారు, తెలుగులోనే చెప్పారు. ఎందుకు వెళ్తున్నారని అడిగారు. "చూడ్డానికండి" అన్నారు. ఏం చూస్తారంటే "నయాగరా" అన్నారు. డల్లాస్‌కు, ఆ జలపాతానికి ఎంత దూరమో ఆయనకు తెలియదు. అక్కడ ఎవరున్నారంటే అమ్మాయి, అల్లుడు అన్నారు. ఇంకా పిల్లలున్నారా అంటే లేరన్నారు. ఎన్నాళ్లుంటారంటే ఆరు నెలలన్నారు. మీరేం చేస్తుంటారంటే "ఏదో వ్యవసాయం అండి, ప్రస్తుతం ఖాళీయే" అన్నారు. అయిపోయింది. ఒళ్లో పెట్టుకుని మోసుకెళ్లిన పట్టాదారు పాసు పుస్తకాలు, అడంగలు నకళ్లు, బ్యాంకు కాగితాలు, ఇంటి విలువ కట్టించిన పత్రం ఎవరూ చూడలేదు.

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. కాని చెప్పిన దాంట్లో నిజం ఎంత తక్కువ ఉందో చూడండి. కాన్పుకు వెళుతూ జలపాతం చూడడానికన్నారు. కాన్పు మాట ఎత్తితే ఇవ్వరని, టూరిజం అనమని ఫారం నింపిన ఏజెంటు చెప్పాడట. ఆరు నెలలన్నారు. దాళ్వా చేను పొట్ట మీద వదిలి, సార్వా నారుమడి పోయకుండా ఆరు నెలలు ఊరు విడిచిన మనిషి కాదాయన. పెళ్లయిన ఈ ముప్పై అయిదేళ్లలో తిరుపతికి వెళ్లినా నాలుగో రోజుకు చేలో ఉన్నారు. ఎక్కువ కాలం అడిగితే మంచిదని ఆరు నెలలు వేసింది ఏజెంటే.

ఇక "ఖాళీయే" అన్న మాట. ఇది మన వైపు మర్యాద. నాలుగెకరాలున్నవాడు కొంచెం చెక్క ఉందంటాడు. నలభై ఎకరాల కామందు కూడా ఏదో తింటున్నాం అంటాడు. ఊళ్లో ఆ మాట విన్నవాడికి అసలు లెక్క తెలుసు. అద్దం అవతల ఉన్న అధికారికి ఎలా తెలుస్తుంది? తన ముందున్న ఫారంలో వృత్తి దగ్గర రిటైర్డ్ అని ఉంది. భార్య గృహిణి. ఒక్కతే కూతురు, ఆమె అమెరికాలో. ఎదుట నిలబడ్డ పెద్దమనిషి నాకు పనేమీ లేదంటున్నాడు. ఆ లెక్కన ఆయన తిరిగి రావడానికి ఈ దేశంలో ఏమీ లేనట్టే.

నిజానికి ఆ ఇంట్లో ఏముంది? రెండు పంటల మాగాణి ఉంది. రెండు పాడిగేదెలున్నాయి. ఇల్లాలు పొద్దుటా సాయంత్రం పాలు పోస్తారు, డ్వాక్రా సంఘానికి లీడరు. అన్నిటికన్నా మించి, ఎనభై అయిదేళ్లు దాటిన రైతు తల్లి ఉన్నారు. అన్నదమ్ములిద్దరూ వంతులు వేసుకుని ఆరేసి నెలలు చూసుకుంటున్నారు. ఆ ముసలావిడ సంగతి మొదటిసారి ఎక్కడా రాలేదు. "అమ్మ గురించి వాళ్లకెందుకనుకున్నానండి" అన్నారు రైతు.

సంతకం మీదే

డిఎస్-160 అనే ఆ ఫారం కంప్యూటరులో ఇంగ్లీషులో నింపాలి. మన పెద్దలకు అది నింపడం రాదు గనుక ఎవరో ఒకరి చేత పెట్టించక తప్పదు. తప్పు అందులో లేదు. అయితే ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా అని ఆ ఫారమే అడుగుతుంది. ఈ దంపతుల ఫారంలో ఏజెంటు లేదు అని పెట్టాడు. తన పేరు బయటపడకూడదని అలా చేశాడేమో గాని, ఆఖరున ఇదంతా నిజమని ఒప్పుకున్నది మాత్రం దరఖాస్తుదారులే. మనిషికి అయిదు వేలు పుచ్చుకుని అతడు చేసిన పని ఇది. ఆ తరువాత ఫోను ఎత్తలేదట.

నమ్మకం కుదరక వీసా ఇవ్వకపోవడం ఒకటి, అబద్ధం చెప్పి పట్టుబడడం మరొకటి. రెండోదానికి అదే చట్టంలో వేరే సెక్షను ఉంది. ముఖ్యమైన సంగతి కావాలని తప్పుగా చెప్పారని, దొంగ పత్రం పెట్టారని తేలితే శాశ్వతంగా వీసాకు అనర్హులవుతారు. అమెరికాలో కూతురున్నదని దాచడం, లేని ఉద్యోగానికి ఉత్తరం పుట్టించడం ఈ కిందికి వస్తాయి. ఇక నాలుగు రోజుల కోసం అప్పు తెచ్చి బ్యాంకులో డబ్బు చూపించడం వడ్డీ దండగే గాక, ఎక్కడిదని అడిగితే తడబడవలసిన పని. 214(బి) కాగితంతో వచ్చినవాడికి మళ్లీ దారి ఉంది. అబద్ధంతో దొరికినవాడికి ఆ దారి దాదాపు మూసుకుపోతుంది.

రెండోసారి పెట్టేటప్పుడు, ఇంతకు ముందు మీకు వీసా నిరాకరించారా అన్న ప్రశ్నకు అవును అనే రాయాలి. చెన్నై వెళ్లినా, ముంబయి వెళ్లినా పాత దరఖాస్తు అధికారి ముందున్న తెర మీద ఉంటుంది. దాచినందువల్ల కొత్త చిక్కే గాని లాభం లేదు.

అప్పాయింట్‌మెంటు త్వరగా ఇప్పిస్తామని తిరిగే వారితోనూ జాగ్రత్తగా ఉండాలి. కంప్యూటరు కిటుకులతో సంపాదించిన సుమారు 2,000 అప్పాయింట్‌మెంట్లను రద్దు చేస్తున్నట్లు మన దేశంలోని అమెరికా రాయబార కార్యాలయం 2025 మార్చిలో ప్రకటించింది.

తొందరపడితే మళ్లీ అదే

ఇదే మండలంలో మరో దంపతులు మొదటిసారి కాదన్న కొద్ది వారాలకే మళ్లీ డబ్బు కట్టారు. అదే ఫారం, అవే జవాబులు, అదే కాగితం వచ్చింది. మూడోసారీ అంతే. అధికారి మారితే అదృష్టం మారుతుందని వారికి ఎవరో చెప్పారట. అధికారి మారవచ్చు. కాని ఎదురుగా అదే మనిషి అదే మాట చెబితే కొత్త అధికారి మాత్రం కొత్తగా ఏం చూస్తాడు? బతుకులో ఏదైనా మారినప్పుడో, మొదటిసారి చెప్పనిది ఈసారి చెప్పగలిగినప్పుడో పెట్టుకున్న దరఖాస్తుకే అర్థం ఉంటుంది.

హైదరాబాదు చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేయడం, వచ్చాక నూట ఎనిమిది చేసి మొక్కు తీర్చడం అందరికీ తెలిసిందే. ఈ దంపతులు మొదటిసారి పదకొండూ చేశారు. ఫారంలో రాసింది దేవుడు మార్చడు కదా అని రైతు నవ్వారు. ఆయన నవ్వడం ఈ విలేఖరి చూసింది అప్పుడే.

2008కి ముందు ఈ పని మీద మనవాళ్లు చెన్నై పోవలసి వచ్చేది. ఆ ఏడాది హైదరాబాదులో కాన్సులేటు పెట్టారు. బేగంపేటలోని పైగా ప్యాలెస్ నుంచి 2023లో నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది. అక్కడ తెలుగులో మాట్లాడతామంటే మాట్లాడవచ్చు. వచ్చీరాని ఇంగ్లీషుతో తడబడే కంటే అదే మేలు. ఇంటర్వ్యూకు ముందు వేలిముద్రలు, ఫోటో ఇవ్వడానికి వేరే కేంద్రానికి వెళ్లాలి. సెల్‌ఫోన్లు, సంచులు లోపలికి రానివ్వరు.

బ్రిటన్ పద్ధతి మరో రకం. అక్కడికి వెళ్లే సందర్శకులను సాధారణంగా ఇంటర్వ్యూకు పిలవరు. కాగితాలు చూసే తేలుస్తారు. కాదంటే కారణాలు ఉత్తరంలో రాసి పంపుతారు. కాబట్టి అక్కడ ఆ ఉత్తరం ముందు పెట్టుకుని, ఒక్కొక్క కారణానికీ జవాబుగా కాగితాలు సమకూర్చి మళ్లీ పెట్టుకోవాలి. అమెరికా కిటికీ దగ్గర బరువంతా మాట మీదే.

మూడు రాత్రుల ఫారం

మార్చిలో కాన్పు అయింది. మనవరాలు పుట్టింది. అక్కడ తెలుగు స్నేహితురాలు ఒకామె పది రోజులు వచ్చి కూతురికి వండిపెట్టి వెళ్లింది. ఇక్కడ అమ్మమ్మ ఫోను తెరలో పిల్లను చూసి, ఫోను పెట్టేసి ఏడ్చేవారు. మళ్లీ పెట్టనని రైతు భీష్మించారు. "నాన్నా, నా కోసం కాదు, దీని కోసం రండి" అని కూతురు పోరగా పోరగా ఒప్పుకున్నారు.

ఈసారి ఏజెంటు లేడు. పక్క వీధిలో డిగ్రీ చదివే కుర్రవాడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఒక్కొక్క ప్రశ్న తెలుగులో చదివి చెప్పడం, వీరు చెప్పింది రాయడం, మూడు రాత్రులు పట్టింది. వృత్తి రైతు. ఇల్లాలి దగ్గర పాడి సంగతి రాశారు. ప్రయాణం ఎందుకంటే కూతురినీ మనవరాలినీ చూడడానికి. ఎన్నాళ్లంటే తొమ్మిది వారాలు. ఖర్చు ఎవరిదంటే అల్లుడిది. ముందు నిరాకరించారా అంటే అవును. ఫారం నింపడానికి సాయం చేసిన వారున్నారా అంటే అవునని ఆ కుర్రవాడి పేరే రాశారు. అల్లుడు పంపిన ఆహ్వానపు ఉత్తరం దగ్గర ఉంచుకున్నారు గాని దాని మీద ఆశ పెట్టుకోలేదు. పిలిచేవాడి జీతం చూసి కాదు, వెళ్లేవాడి పరిస్థితి చూసి వీసా ఇస్తారని ఈసారికి వారికి తెలుసు. టికెట్లు కొనలేదు.

అప్పాయింట్‌మెంటు దొరకడానికి నెలలు పట్టింది. నవంబరులో, సార్వా కోతలకు ముందు వచ్చింది. ప్రయాణం ఎప్పుడన్న దాని మీద భార్యాభర్తలకు మాటా మాటా వచ్చింది. మార్చిలో మనవరాలి మొదటి పుట్టినరోజుకు ఉండాలని ఆమె. మార్చిలో దాళ్వా వదిలి ఎలా కదులుతానని ఆయన. "ఎలాగూ రాయడమే కదండీ, మార్చి అని రాయించండి" అన్నారట ఆమె. "మళ్లీ అదే పనా?" అన్నారట ఆయన. ఏప్రిల్ ఆఖరు అని రాశారు.

కిటికీ దగ్గర అధికారి పట్టుకున్నది ఆ మాటే. పుట్టినరోజు మార్చిలో అయితే ఏప్రిల్‌లో ఎందుకు వెళ్తున్నారని అడిగారు. రైతు నేర్చుకున్న పాఠం ఏదీ లేదు గనుక ఉన్నది చెప్పుకుపోయారు. దాళ్వా కోతలు ఏప్రిల్‌లో గాని కావని, ఆ తరువాత కాలువలు కట్టేస్తారని, వేసవిలో చేలో పని ఉండదని, జూన్ ఆఖరుకు నారుమడి పనికి తాను ఊళ్లో లేకపోతే సార్వా పోయినట్టేనని. అమ్మ వంతు జూలై నుంచి తనదని, ఆమెకు తన చేతి ముద్ద అలవాటని కూడా చెప్పారు. కాలువలు ఎందుకు కట్టేస్తారని అధికారి ఒక ప్రశ్న వేశారట. మరమ్మతులకండి అన్నారట. భార్యను ఒకటే అడిగారు, గేదెలను ఎవరు చూస్తారని. మరిది కొడుకు అన్నారామె.

పాస్‌పోర్టులు లోపలే ఉంచుకున్నారు. ఉంచుకుంటే వచ్చినట్టని బయట వరసలో ఉన్నవారు చెప్పేదాకా వీరికి తెలియదు.

అదృష్టం కలిసివచ్చిందని ఊళ్లో అంటున్నారు. కావచ్చు. ఇంత సూటిగా చెప్పినా కాదనిపించుకున్నవారు ఉండరని ఈ విలేఖరి అనడం లేదు. అధికారి ఎందుకు ఇచ్చిందీ, ఎందుకు ఇవ్వనిదీ విడమరచి చెప్పరు. రెండు ఇంటర్వ్యూలకూ మధ్య ఆ ఇంటి ఆస్తి ఒక్క సెంటు పెరగలేదన్నది మాత్రం నిజం.

వీసా వచ్చినవారు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. మన దేశస్థులకు ఈ వీసా మామూలుగా పదేళ్లకు ఇస్తారు. అంటే పదేళ్లు అక్కడ ఉండవచ్చని కాదు. విమానం దిగాక అక్కడి అధికారి ఎన్నాళ్లుండవచ్చో తేదీ నిర్ణయిస్తాడు. సాధారణంగా అది ఆరు నెలలలోపు. గడువు దాటి ఆరు నెలలకు పైగా ఉండి వచ్చినవారికి మూడేళ్లు, ఏడాది గాని ఆపైన గాని ఉండిపోయి వచ్చినవారికి పదేళ్లు మళ్లీ ప్రవేశం ఉండదు. అక్కడ ఉన్నన్నాళ్లూ జీతానికి ఏ పనీ చేయరాదు.

ఏప్రిల్ ఆఖరు వారానికి టికెట్లు తీశారు. ఈ విలేఖరి వెళ్లినప్పుడు రైతు చేలో ఉన్నారు. ఇల్లాలు పెట్టెలో సున్నిపిండి, పిల్లకు కుట్టించిన పట్టు పరికిణీ సర్దుతున్నారు. పరికిణీ ఏడాది పిల్ల కొలతకు కుట్టించారట. ఇప్పుడు పొట్టి అవుతుందేమోనని అంచు మడత విప్పి చూస్తున్నారు. నిరుడు చేయించిన కాయం ఏం చేశారని అడిగితే, ఎదురింటి పిల్ల పురిటికి ఇచ్చేశానన్నారు.